షోరూం సర్వీసు, వారంటీ: ఏ మాట నమ్మాలి, ఏ మాటకు కాగితం అడగాలి

కొత్త కారు కొన్న ఇంట్లో ఏడాది తిరిగేలోపు ఒక వాదన మొదలవుతుంది. వారంటీ ఉన్నన్నాళ్లూ షోరూంకే పోవాలని ఒకరంటారు. వాళ్లు బిల్లు వాయిస్తారు, మనకు తెలిసిన మెకానిక్ షెడ్డులోనే చేయిద్దామని ఇంకొకరంటారు. కర్నూలైనా, అనంతపురమైనా, కడపైనా ఇదే మాట. షోరూంలో పనిచేసే వాళ్లంతా మోసగాళ్లని నేననుకోను. మంచి పనితనం ఉన్న టెక్నీషియన్లు అక్కడ చాలామందే ఉన్నారు. కాకపోతే వాళ్లకు ఏ పనిలో డబ్బు మిగులుతుంది, ఏ పనిలో మిగలదు అన్నది మనకు తెలిసుండాలి. అది తెలిస్తే సర్వీస్ అడ్వైజర్ చెప్పే ప్రతి మాటనూ దాని స్థానంలో పెట్టి వినొచ్చు.

కారు తయారుచేసే కంపెనీ వేరు, అమ్మి సర్వీసు చేసే డీలర్ వేరు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలోనే కియా కార్లు తయారవుతున్నాయి. అయినా ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయి ఎవరూ వారంటీ అడగలేరు. ఏ కంపెనీ కారైనా వారంటీకి దారి డీలర్ వర్క్‌షాపు గుండానే. వారంటీలో భాగం మార్చాలంటే డీలర్ ముందు తన స్టాకులోంచి వేసి, జాబ్ కార్డు (కారు అప్పజెప్పేటప్పుడు మన కంప్లైంట్లు, చేయాల్సిన పనులు రాసే కాగితం) వివరాలు, ఫొటోలు జతచేసి కంపెనీకి క్లెయిమ్ పంపుతాడు. పాత భాగాన్ని దాచిపెట్టాలి, కంపెనీ అడిగితే పంపాలి. కంపెనీ ఒప్పుకుంటే భాగం ఖరీదు, లేబర్ ఇస్తుంది. ఆ లేబర్ సాధారణంగా మన దగ్గర వసూలుచేసే రేటు కన్నా తక్కువ. తర్వాత ఆడిట్‌లో ఆ క్లెయిమ్ చెల్లదని తేలితే డీలర్‌కు ఇచ్చిన డబ్బు వెనక్కి పోతుంది. "చెక్ చేసినాం సార్, అంతా నార్మలే" అన్న జవాబుకు వెనక చాలాసార్లు ఈ లెక్కే ఉంటుంది. మనం జేబులోంచి కట్టే కోటింగులు, క్లీనింగుల మీద ఏ ఆడిటూ ఉండదు, మిగులూ ఎక్కువ. కాబట్టి అడ్వైజర్ నోట ఆ మాటలే ముందు వస్తాయి.

అందుకే జాబ్ కార్డు మీద ఇంత పట్టుబడుతున్నాను. కారు లోపలికి పోయే ముందు మనం చెప్పిన ప్రతి కంప్లైంటూ మనం చెప్పిన మాటల్లోనే అందులో ఎక్కాలి. "జనరల్ చెకప్" అని రాస్తే మన దగ్గర ఏ ఆధారమూ లేనట్టే. "పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే మొదటి నిమిషం టకటక శబ్దం", "నలభై స్పీడులో స్పీడ్ బ్రేకర్ దాటితే ముందు ఎడమ చక్రం దగ్గర దడ్ మంటోంది", ఇట్లా రాయించండి. ఎప్పుడు, ఎంత వేగంలో, ఏ వైపు అన్న మూడూ అందులో ఉండాలి. కిలోమీటర్ రీడింగు, పెట్రోలు ఎంతుంది, అంచనా ఖర్చు, ఇచ్చే తేదీ చూసుకుని అప్పుడు సంతకం పెట్టాలి. ఈ మధ్య సంతకం బదులు ఫోనుకు ఓటీపీ వస్తోంది. అదీ సంతకమే. చదవకుండా చెప్పొద్దు.

దీని అసలు విలువ వారంటీ ముగిశాక తెలుస్తుంది. గడువులో ఉండగా రెండుసార్లు అదే శబ్దం గురించి రాయించి, రెండుసార్లూ "సమస్య కనబడలేదు" అని తిప్పి పంపారనుకోండి. గడువు దాటిన నెలకు ఆ భాగం పూర్తిగా పోతే, లోపం గడువులోనే ఉందని చూపడానికి ఆ రెండు కాగితాలే సాక్ష్యం. నోటిమాటగా చెప్పి వచ్చిన వాళ్లకు ఆ దారి లేదు.

సమస్య వాళ్ల ముందు కనిపించకపోవడం కూడా నిజంగా జరిగేదే. చల్లని ఇంజన్‌లో వచ్చే శబ్దం, మీరు పది కిలోమీటర్లు నడిపి వర్క్‌షాపు చేరేసరికి పోతుంది. అటువంటప్పుడు కారును ముందురోజు సాయంత్రమే అప్పజెప్పి, తెల్లారి మీ ముందే స్టార్ట్ చేయమనండి. ఇంట్లో వీడియో తీసేటప్పుడు శబ్దంతో పాటు మీటరులోని కిలోమీటర్లు కూడా పడేలా తీయండి. చెక్ ఇంజన్ లైటు వెలిగితే, కారు కంప్యూటరు దాచుకున్న లోపం కోడ్ చెరిపించి తీసుకుపోకండి. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి చదివితే పి0300 అంటే మిస్‌ఫైర్ (ఇంజన్‌లో ఇంధనం సరిగ్గా మండకపోవడం), పి0420 అంటే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పనితీరు తగ్గిందని, ఇట్లా తెలుస్తుంది. చదవడం వరకే మన పని. చెరిపితే లోపం వచ్చిన క్షణంలో ఇంజన్ వేడి, వేగం, లోడు ఎంత ఉన్నాయో దాచుకున్న సమాచారం కూడా పోతుంది. టెక్నీషియన్‌కు కావాల్సింది అదే.

ఇప్పుడు చాలా కంపెనీలు ఇచ్చేది మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. కొన్నింటికి కిలోమీటర్ల పరిమితి లేదు. విద్యుత్ కార్ల బ్యాటరీకి ఎక్కువగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. లెక్క మొదలయ్యేది కారు తయారైన రోజు నుంచి కాదు, మీకు అమ్మిన రోజు నుంచి. కంపెనీ సిస్టంలో ఆ తేదీ సరిగ్గా ఎక్కిందో లేదో మొదటి ఫ్రీ సర్వీసులోనే చూసుకోవాలి. అరుగుదల భాగాలు వారంటీలో రావు: బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్ రబ్బర్లు, ఫిల్టర్లు, బల్బులు. టైర్లకూ 12 వోల్టుల బ్యాటరీకీ వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ వేరుగా ఉంటుంది. ఫ్రీ సర్వీసులో ఫ్రీ అయ్యేది లేబర్ ఒక్కటే. ఆయిలు, ఫిల్టర్లకు డబ్బు కట్టాల్సిందే.

క్లచ్ గురించి గొడవలు ఎక్కువ. కర్నూలు నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లు, కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్‌లో లారీల వెనక పాకేవాళ్లు హాఫ్ క్లచ్ మీద బండి నిలబెడితే ప్లేటు త్వరగా అరుగుతుంది. అది వారంటీలో రాదు, రాకపోవడం న్యాయమే. కానీ ప్లేటు మందం సరిపడా ఉండి, ప్రెషర్ ప్లేటు స్ప్రింగు విరిగినా, రిలీజ్ బేరింగ్ అరుస్తున్నా, హైడ్రాలిక్ సిలిండర్ కారుతున్నా అది అరుగుదల కాదు. "క్లచ్ వారంటీలో రాదు" అని మొత్తం కొట్టిపారేస్తే, విప్పిన భాగాలు మీ ముందు పెట్టి ఏది పోయిందో చూపమనండి. తిరస్కరించే కారణం జాబ్ కార్డు మీద రాసివ్వమనండి. రాయాల్సి వచ్చేసరికి కొన్ని తిరస్కారాలు మెత్తబడతాయి.

ఇక ఏసీ. మన సీమ ఎండల్లో దీని మీద జరిగేంత వృథా ఖర్చు ఇంకే భాగం మీదా జరగదని నా నమ్మకం. ఏప్రిల్ వచ్చేసరికి చల్లదనం తగ్గుతుంది, సర్వీసుకు పోతే "గ్యాస్ తగ్గింది సార్, టాప్ అప్ చేస్తాం" అంటారు. ఏసీ గ్యాస్ పెట్రోలు లాగ ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే తిరుగుతుంటుంది. రెండేళ్ల కారులో బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ చోటు కనిపెట్టకుండా నింపితే మళ్లీ వేసవికి మళ్లీ అదే బిల్లు. సరైన పద్ధతి ఇది: ఉన్న గ్యాస్‌ను మిషన్‌తో బయటికి లాగి ఎన్ని గ్రాములు వచ్చిందో చూడాలి. బానెట్ కింద అంటించిన లేబుల్ మీద ఎన్ని గ్రాములు ఉండాలో రాసి ఉంటుంది, చిన్న కార్లకు నాలుగైదు వందల గ్రాముల లోపే. ఆ తేడా చూస్తే ఎంత కారిందో తెలుస్తుంది. తర్వాత కనీసం ఇరవై ముప్పై నిమిషాలు గొట్టాల్లోంచి గాలి లాగేసి వాక్యూమ్ పెట్టి, మీటరు ముల్లు కదలకుండా నిలబడుతుందో లేదో చూడాలి. అనుమానం ఉంటే రంగు ద్రవం కలిపి అతినీలలోహిత లైటుతో జాయింట్లు వెతకాలి. చివరగా లేబుల్ మీదున్న బరువు ప్రకారమే నింపాలి. ఎక్కువ నింపినా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

బండి ముందు భాగంలో ఉండే ఏసీ జాలి, అంటే కండెన్సర్ మీద రాయి తగిలిన గుర్తు ఉంటే వారంటీ ఇవ్వరు. డ్యాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్‌కు రాయి తగిలే వీలే లేదు. అది కారితే గడువులో ఉన్నప్పుడు గట్టిగా అడగాలి. దాన్ని మార్చడానికి చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, లేబర్ పెద్దది. అందుకే గ్యాస్ నింపి పంపేయడం వర్క్‌షాపుకు సులువు. భాగం వారంటీలో మారినప్పుడు దానికోసం మళ్లీ నింపే గ్యాస్ ఎవరి ఖర్చో ముందే తేల్చుకోవాలి. ఇదంతా మొదలుపెట్టే ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడమనండి. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది. తాడిపత్రి, బేతంచెర్ల లాంటి రాతి పాలిషింగ్ యూనిట్లున్న చోట, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ములో తిరిగే కార్లలో అది బూడిదరంగు చాపలా అయిపోయి ఉంటుంది. సగం కార్లకు చల్లదనం అక్కడే ఆగిపోతుంది.

దుమ్ము మాట వచ్చింది కాబట్టి సర్వీసు పట్టిక గురించి. ఓనర్స్ మాన్యువల్‌లో మామూలు పట్టిక పక్కనే కఠిన పరిస్థితుల పట్టిక ఒకటుంటుంది. దుమ్ము రోడ్లు, విపరీతమైన ఎండ, ఎక్కువగా చిన్న చిన్న దూరాలు, ఇవన్నీ ఆ కోవకే వస్తాయి. మన జిల్లాల్లో చాలా కార్లు దానికిందికే వస్తాయి. అయినా 10,000 కిలోమీటర్లకో ఏడాదికో ఒకసారి అన్న మామూలు లెక్కే అందరికీ చెబుతారు. పల్లె రోడ్లలో తిరిగే కారుకు ఇంజన్ ఎయిర్ ఫిల్టర్‌ను ప్రతి 5,000 కిలోమీటర్లకు తీసి చూడటం మంచిది. గాలి కొట్టేటప్పుడు శుభ్రమైన వైపు నుంచి బయటికి కొట్టాలి. దుమ్మున్న వైపు నుంచి కొడితే అది కాగితంలోకి ఇంకా దిగబడుతుంది.

ఆయిలు విషయంలో మూడు చూడాలి. గ్రేడు, ఎంత పోశారు, ఎంతకు బిల్లు వేశారు. చిన్న పెట్రోలు కార్లకు మూడు, మూడున్నర లీటర్లు పడుతుంది. లీటరున్నర డీజిల్ ఇంజన్లకు ఐదు లీటర్ల దగ్గర. కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఫిల్టర్‌తో కలిపి ఇచ్చి ఉంటారు. డ్రమ్ములోంచి పోసే చోట బిల్లులో ఎన్ని లీటర్లో దశాంశాలతో సహా పడుతుంది కాబట్టి పోల్చడం తేలిక. బీఎస్‌6 డీజిల్ కారుకు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటే బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. 5డబ్ల్యూ-30 అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, మాన్యువల్ చెప్పిన ప్రమాణం డబ్బా మీద ఉండాలి. వేరే ఆయిలు పోస్తే ఆ బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది, అది ఎంత హైవే మీద నడిపినా కాలిపోదు. డ్రెయిన్ బోల్టు వాషర్ మార్చారో లేదో అడగండి. చాలా చిన్న వస్తువు, మార్చకపోతే చుక్క చుక్కగా కారుతుంది. ఇంటికొచ్చాక మర్నాడు పొద్దున, కారు సమంగా నిలబెట్టి డిప్‌స్టిక్ చూడండి. పై గుర్తు దాటి ఉంటే అదనపు ఆయిలు తీయించాలి.

డీపీఎఫ్ మీద ఇంకో మాట. ఊళ్లోనే నాలుగైదు కిలోమీటర్లు తిరిగే డీజిల్ కారులో మసి కాలేంత వేడి రాదు. లైటు వెలిగాక 44వ నంబరు హైవే ఎక్కి, ఇరవై నిమిషాల పాటు ఇంజన్ రెండు వేల ఆర్పీఎం దగ్గర ఉండేలా నిలకడగా నడిపితే చాలావరకు తగ్గుతుంది. లైటును పట్టించుకోకుండా నడిపి, వర్క్‌షాపులో బలవంతంగా కాల్చే దాకా తెచ్చుకుంటే అది వాడకం వల్ల వచ్చిందని వారంటీ కాదంటారు. ఆ విషయంలో వాళ్ల మాటే చెల్లుతుంది. ఊళ్లో తప్ప తిరగని వాళ్లకు డీజిల్ కారు అంటగట్టిన సేల్స్ మనుషుల తప్పు మాత్రం ఏ కాగితం మీదా కనిపించదు.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. అనంతపురం వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. సున్నపు పొర కట్టి రేడియేటర్ గొట్టాలు, హీటర్ కోర్ పూడుకుపోతాయి. ఇంజన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ పోయినప్పుడు కూలెంట్ రంగు చూడగానే వారంటీ తిరస్కరిస్తారు. దారిలో తప్పనిసరై నీళ్లు పోసినా, తర్వాత మొత్తం తీయించి సరైన కూలెంట్ నింపించి బిల్లు దాచుకోండి. బ్రేక్ ఆయిలు రెండేళ్లకోసారి మార్చమంటే అది అనవసర ఖర్చు కాదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు కాగి, ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలకు తగులుతుంది. దీన్ని వద్దనకండి.

వద్దనాల్సినవి వేరే ఉన్నాయి. ఇంజన్ డీకార్బనైజేషన్ (ఇంజన్ లోపలి మసి తీయడం), ఇంజన్ ఫ్లష్, ఇంజన్ డ్రెస్సింగ్, ఏసీ డిసిన్ఫెక్టెంట్, ఎలుకల స్ప్రే, అండర్‌బాడీ కోటింగ్, టెఫ్లాన్. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఇది మాన్యువల్ పట్టికలో ఏ కిలోమీటర్ దగ్గర రాసుందో చూపించండి." లేదంటే అక్కర్లేదు. 20,000 కిలోమీటర్లు తిరిగిన కారుకు డీకార్బనైజేషన్ చేసి పికప్ పెరిగిందంటే నేను నమ్మను. అండర్‌బాడీ కోటింగ్ సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పనికొస్తుందేమో గానీ, దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో తుప్పు భయం చూపి అమ్మడం అన్యాయం. బ్రేక్ ప్యాడ్లు మార్చాలంటే మందం ఎంతుందో మిల్లీమీటర్లలో చెప్పమనండి. కొత్తవి పది మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి, మూడుకు వస్తే మార్చాలి. ఆరు ఉంటే ఇంకో సర్వీసు దాకా ఆగొచ్చు. డబ్బు కట్టి మార్చిన ప్రతి పాత భాగమూ మనదే, వెనక్కి అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలపై జీఎస్టీ 18 శాతమే. ఆ తేదీ తర్వాతి బిల్లులో ఎక్కడైనా 28 కనబడితే నిలదీయండి.

బయట మెకానిక్ దగ్గర చేయిస్తే వారంటీ మొత్తం పోతుందా? 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల జరిమానా వేస్తూ, బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దని గంపగుత్తగా షరతు పెట్టకూడదని చెప్పింది. ఆ ఉత్తర్వు అప్పీళ్లకు వెళ్లింది. ఆచరణలో మాత్రం గడువులో ఉన్న కారుకు పట్టిక ప్రకారం సర్వీసులు అధీకృత వర్క్‌షాపులోనే చేయించమంటాను. అక్కడ చేయించి ఉంటే తిరస్కరించడానికి వాళ్లకు సాకు దొరకదు. పంక్చరు, అలైన్‌మెంటు, వాటర్ వాష్ బయట చేయించినా నష్టం లేదు. కానీ స్టీరియో కోసమో, లైట్ల కోసమో వైరు కోసి అతికిస్తే విద్యుత్ భాగాల వారంటీ మీరే చేజేతులా ఇచ్చేసినట్టు. కప్లర్‌తో తగిలించేవే వాడండి. బయట వేయించిన సీఎన్జీ కిట్ ఇంజన్ వారంటీని తీసేస్తుంది.

ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనేటప్పుడు అది ఇస్తున్నది కార్ల కంపెనీనా, డీలర్ తరఫున ఇంకెవరో బయటి సంస్థా అన్నది కాగితం మీద చూడాలి. కంపెనీదైతే ఏ ఊళ్లోనైనా చెల్లుతుంది. అసలు వారంటీ ముగియకముందే కొనాలి, ఆలస్యమయ్యేకొద్దీ ధర పెరుగుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, టర్బో, సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ ఉన్న కారుకు ఇది కొనదగ్గదే. చిన్న మాన్యువల్ పెట్రోలు కారుకు అంత అవసరం లేదనే నా అభిప్రాయం.

డీలర్ దగ్గర పని కాకపోతే అడ్వైజర్‌తో వాదించి లాభం లేదు, ఆ అబ్బాయి చేతిలో ఏమీ ఉండదు. వర్క్స్ మేనేజరును కలవండి. తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కంప్లైంట్ నంబరు తీసుకోండి. అదే రోజు ఛాసిస్ నంబరు, కిలోమీటర్లు, జాబ్ కార్డుల నంబర్లు, తేదీలతో మెయిల్ పెట్టండి. ఏరియా సర్వీస్ మేనేజర్ వచ్చినప్పుడు కారు చూడాలని అందులో అడగండి. వారంటీ ఇవ్వడంలో ఆయన మాటకు బరువుంటుంది. సర్వీసు తర్వాత వచ్చే ఫీడ్‌బ్యాక్ కాల్‌కు "పదికి పది చెప్పండి సార్" అని బతిమాలుతారు. ఆ మార్కులను బట్టే డీలర్‌కు ప్రోత్సాహకాలు ఉంటాయి. పని పూర్తికాకుండా పది ఇవ్వకండి. అదొక్కటే వాళ్లు నిజంగా పట్టించుకునే మన మాట.

అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్ని సార్లు బాగుచేయలేకపోతే కారే వెనక్కి తీసుకోవాలనే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టమే ఆధారం. కారు ఏ ఊళ్లో కొన్నా, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. హైదరాబాదులోనో బెంగళూరులోనో కొన్నవాళ్లు అక్కడికి తిరగాల్సిన పని లేదు. చెల్లించిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది. ఫీజు 5 లక్షల దాకా ఏమీ లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. డీలర్‌ను, కంపెనీని ఇద్దరినీ చేర్చాలి, లేదంటే ఒకరు ఇంకొకరి మీద నెట్టి తప్పించుకుంటారు. తయారీ లోపమే అని నిరూపించడానికి నిపుణుల పరీక్ష అవసరమైతే కమిషనే సరైన ల్యాబుకు పంపుతుంది, ఆ మేరకు పిటిషన్‌లోనే కోరాలి. కేసు నడిచేటప్పుడు ఆ కారును బయట విప్పించకండి. విప్పితే లోపం ఎవరిదన్న ప్రశ్న మీ మీదికే తిరుగుతుంది.